కోరుట్ల నుంచి సిరిసిల్లకు, మెల్లగా

ఏలూరు తిరిగొచ్చిన రోజు మా వీధివాళ్లు ముందు నన్ను చూడలేదు, నా కారు అద్దాలు చూశారు. అన్నీ చెక్కుచెదరకుండా ఉండేసరికి ఒకరిద్దరికి కాస్త నిరాశ కూడా కలిగిందేమో. "ఆందోళన జరుగుతున్న చోటికి, అదీ మన నంబరు ప్లేటుతో, ఒక్కదానివే వెళ్తావా!" అని ముందు కేకలేసినవాళ్లే ఇప్పుడు "అయితే ఏమీ కాలేదా?" అని అడుగుతున్నారు. అయింది. అద్దాలకు మాత్రం కాదు. అందరికీ విడివిడిగా చెప్పలేక ఇది రాస్తున్నాను.

నా సంగతి ఒక ముక్క చెప్పాలి. చాలా ఏళ్లుగా ఏలూరులో ఆడవాళ్లకు కారు నడపడం నేర్పుతున్నాను. నేర్పేది తక్కువ, తిట్టేది ఎక్కువ అని నా శిష్యురాళ్లు చెప్పుకుంటారు, అబద్ధమేమీ కాదు. క్లచ్ మీద కాలు ఆనించి కూర్చుంటే తిడతాను. బండి ఆపి ఇంజను ఆపకపోతే తిడతాను. హారన్ మీద చెయ్యి వేస్తే మాత్రం తిట్లు వీధి చివరిదాకా వినబడతాయి. హారన్ కొట్టాల్సి వచ్చిందంటే అంతకుముందే మనం చూడాల్సినదేదో చూడలేదన్నమాట. నా స్కూల్లో మొదటి పాఠం ఇదే.

నా పాత శిష్యురాలు విజయ కోరుట్లలో ఒక దవాఖానాలో నర్సు. ఎన్నాళ్లనుంచో రమ్మని పిలుస్తోంది. వేములవాడ రాజన్నను చూడాలని నాకూ ఉంది. టైర్లు, బ్రేకులు చూపించుకుని, నీళ్లూ ఆయిలూ సరిచూసుకుని బయల్దేరాను. అప్పటికి తెలంగాణ కోసం తలపెట్టిన సమ్మె ఇంకా మాటల్లోనే ఉంది.

జగిత్యాల

జగిత్యాల చేరేసరికి బస్సులన్నీ డిపోలోకి వెళ్లిపోయాయి. బస్సుల్లేని రోడ్డు మీద జనం కనబడినంతగా మరెక్కడా కనబడరు. మూటలు నెత్తిన పెట్టుకుని, పిల్లల్ని చంకనేసుకుని, చెప్పులు చేతిలో పట్టుకుని నడుస్తున్నారు. ఆటోల్లో డ్రైవరుకి ఇటొకరు అటొకరు కూర్చున్నారు. నా నోరు ఊరుకోలేదు గానీ అక్కడ నేనెవరిని తిట్టను?

చౌరస్తాలో దీక్షా శిబిరం ఉంది. టెంటు కింద పరుపుల మీద దండలు వేసుకున్న మనుషులు కూర్చుని ఉన్నారు. వాళ్ల వెనక గుడ్డ మీద వరసగా కుర్రవాళ్ల ఫోటోలు, వాటికీ దండలే. మొదట నాయకులనుకున్నాను. దగ్గరికి వెళ్లి చూస్తే ఒక్కడికీ సరిగ్గా మీసాలు కూడా రాలేదు. ప్రాణాలు తీసుకున్న పిల్లలు వాళ్లు. టీవీలో ఇవే వార్తలు వస్తున్నప్పుడు మా ఇంట్లో కాఫీ తాగుతూ చూసేవాళ్లం. 

టైరులో మేకు దిగిందని పంక్చరు కొట్టు దగ్గర ఆగాను. పక్కన ఒకాయన చిన్న రంగుడబ్బా, కుంచె పట్టుకుని ఆగిన బండ్ల ప్లేట్ల మీద ఏపీ చెరిపి టీజీ రాస్తున్నాడు. బోర్డులు రాసుకుని బతికే మనిషట. నా దగ్గరికీ వచ్చాడు.

"అమ్మా, మీది ఏపీ ఉన్నది. టీజీ ఏద్దామా? పైసలేం వద్దు."

"కాగితాల్లో ఏముంటే ప్లేటు మీద అదే ఉండాలి నాయనా. నాది ఏలూరు బండి."

ఆయన ప్లేటు కేసి కాసేపు చూశాడు. "అవుగదా. రేపు తెలంగాణ అచ్చినా మీది ఏపీనే ఉంటది. మారేది మాదే" అని నవ్వి, భుజం మీది తువ్వాలతో నా ప్లేటు మీద దుమ్ము తుడిచాడు. రాళ్లు వేస్తారని భయపెట్టి పంపినవాళ్లకు ఇది చెబితే నమ్మడం లేదు.

ఆ సాయంత్రం బండి మీద అమ్మే గుడాలు తిన్నాను. శనగలూ బబ్బెర్లూ ఉడకబెట్టి, ఉల్లిపాయ, మిరపకాయ వేసి తాలింపు పెడతారు. మా వైపు గుగ్గిళ్లంటాం, ప్రసాదంలా చిటికెడు పెడతాం. ఇక్కడ పొట్లం నిండా పోసి, అయిపోయాక "ఇంకింత ఏసుకో" అని మళ్లీ పోస్తారు. టీ మాత్రం మా ఊళ్లో కంటే చవకే, గ్లాసు కూడా అంతకు తగ్గట్టే చిన్నది.

కోరుట్ల

విజయది ముత్యంపేట. తండ్రి చక్కెర ఫ్యాక్టరీకి వచ్చే చెరుకు కొట్టే కూలి. సెంటు భూమి లేని ఇంట్లో పుట్టి, పాస్టరుగారి సాయంతో ఏలూరొచ్చి నర్సింగు చదువుకుంది. ఆ రోజుల్లో సాయంత్రాలు నా దగ్గర కారు నేర్చుకుంది. నా తిట్లకు ఏడవకుండా నేర్చుకున్న కొద్దిమందిలో ఆ పిల్ల ఒకతె.

ఆమె ఇంట్లో జొన్నరొట్టె, పచ్చిపులుసు పెట్టింది. మా వైపు పులుసంటే పొయ్యి మీద మరగాల్సిందే. ఇక్కడ చింతపండు పిసికి, ఉల్లిపాయలు తరిగి, ఎండుమిరపకాయ కాల్చి కలిపేస్తారు, పొయ్యి జోలికి పోరు. చల్లగా, ఘాటుగా ఉండి, ప్రయాణపు వేడంతా దిగిపోయింది. నేను మూడో రొట్టెకు చెయ్యి చాచినప్పుడు విజయ అసలు సంగతి ఎత్తింది.

"మేడమ్, ఎట్లాగూ వేములవాడ వోతరు గదా. ఇంకింత ముందటికి పోతే సిరిసిల్ల. మా దవాఖానాల ఒక పేషెంటున్నది. జర ఇంటికి తీస్కపోతరా?"

ఆ పేషెంటు పేరు నర్సవ్వ. సిరిసిల్ల నేతవాళ్ల ఇల్లు. మగ్గాలకు నూలు కండెలు చుట్టి బతుకుతుంది. కోరుట్లలో ఉన్న అక్క మల్లవ్వ ఇంటికి చుట్టపుచూపుగా వచ్చి, మెట్ల మీద నుంచి పడి వెన్నుపూస విరగ్గొట్టుకుంది. ఆపరేషన్ అయింది. నడుముకు పట్టీ కట్టి రోజూ కాసేపు కూర్చోబెడుతున్నారు. ఇంటికి పంపవచ్చన్నారు డాక్టరుగారు, కానీ పడుకోబెట్టి తీసుకెళ్లాలి, కుదుపు తగలకూడదు. బస్సుల్లేవు. దవాఖానా వ్యాను డీజిలు లేక నిలబడిపోయింది. సిరిసిల్లలో కూతురు రజిత ఒక్కతే ఉంది. తల్లి ఎప్పుడొస్తుందా అని పక్కింటివాళ్ల ఫోన్ నుంచి రోజూ చేస్తోందట.

"కుదుపు తగలకుండా నడిపేటోళ్లు నాకు మీరు తప్ప ఎవలు తెల్వదు" అంది విజయ. నర్సులకు మందులివ్వడమే కాదు, మనిషిని ఎక్కడ నొక్కాలో కూడా బాగా తెలుసు. సరేనన్నాను.

మర్నాడు పొద్దున్న కారును మంచంగా మార్చాను. ఎడమవైపు ముందు సీటు తలదిండు పీకేసి, సీటును పూర్తిగా వెనక్కి వాల్చితే వెనక సీటుకు ఆనుకుంటుంది. మధ్యలో పల్లం వస్తుంది. అక్కడ దుప్పట్లు మడతలు పెట్టి సమం చేశాం. తల వెనక సీటు వైపు, కాళ్లు ముందుకి. గాలి కొంచెం తీసేస్తే బండి మెత్తగా పోతుందని దవాఖానా దగ్గర ఒకాయన సలహా ఇచ్చాడు. గాలి తక్కువైతే టైరు వేడెక్కి మధ్యదారిలో పేలుతుంది, పట్టు కూడా పోతుంది. ఉండాల్సినంతే పెట్టించాను. మెత్తదనం టైరులో కాదు, నడిపేవాళ్ల కాలిలో ఉండాలి.

నర్సవ్వను స్ట్రెచరు మీద నుంచి దుప్పటితో సహా ఎత్తి పడుకోబెట్టారు. నలభై దాటిన సన్నటి మనిషి. మొహంలో నెత్తురు లేదు గానీ కళ్లలో చురుకు ఉంది.

"కారెక్కుడు గిదే మొదలు మేడమ్" అంది. "ఎక్కుడు గూడ పండుకోనే ఎక్కిన."

"నర్సవ్వగారూ, ఎక్కడ నొప్పనిపించినా వెంటనే చెప్పాలి" అన్నాను.

"గారు అనకుండ్రి. ఎవలనో పిలిచినట్టున్నది."

మల్లవ్వ నా వెనక సీట్లో, చెల్లెలి తల పక్కన కూర్చుంది. పొద్దున్నుంచీ ఆమె కన్నీళ్లు ఆగడం లేదు. విజయ దవాఖానా తెల్లదుప్పటి నర్సవ్వకు మెడదాకా కప్పింది. తెల్లటి కట్టుగుడ్డ చింపి కారు ఏరియలుకు జెండాలా కట్టింది, రాస్తారోకోల దగ్గర రోగి ఉందని తెలిసి దారి ఇస్తారని. తర్వాత కారు తలుపు మీద చెయ్యి పెట్టి, కళ్లు మూసుకుని ప్రార్థన చేసింది. మా వైపు కొత్త కారుకు నిమ్మకాయలు తొక్కిస్తాం. పాత కారుకు ప్రార్థన చేయడం నేను మొదటిసారి చూశాను. నాకూ ధైర్యంగానే అనిపించింది.

మెల్లగా పోయే బండి ఎదుటివాళ్లకు దూరం నుంచే కనబడాలి. అందుకని పట్టపగలే హెడ్‌లైట్లు వేసుకున్నాను.

రుద్రంగి దారి

మంచి రోడ్డు మీద ఎవరైనా మెత్తగా నడుపుతారు. గతుకు వచ్చినప్పుడే తెలుస్తుంది. స్పీడ్ బ్రేకరు ఎక్కాక బ్రేకు తొక్కకూడదు. ముందే తొక్కి వేగం చంపుకుని, చక్రం ఎక్కే క్షణానికి కాలు తీసెయ్యాలి. లేకపోతే బండి ముక్కు కిందికి వంగి, దెబ్బంతా లోపలున్నవాళ్ల నడుముకు పోతుంది. గుంట వస్తే ఒక చక్రం దిగి లేచాకే రెండోది దిగాలి. కథలాపూర్ దాటేదాకా నేను ఊపిరి పీల్చానో లేదో కూడా గుర్తులేదు. వెనకనుంచి మూలుగు వినబడనంతసేపూ లోపల ఒక మూల గర్వంగా ఉండేది.

నర్సవ్వకు కారు పైకప్పు, కిటికీలో చెట్ల కొసలు, ఆకాశం తప్ప ఏమీ కనబడవు. "ఏడికొచ్చినం?" అని కాసేపటికోసారి అడిగేది. గొర్రెల మంద అడ్డమొచ్చినప్పుడు నేను ఇంజను ఆపి ఊరుకున్నాను. అప్పుడు ఇంకో ప్రశ్న అడిగింది.

"మేడమ్, బండికి హారన్ లేదా?"

"ఉంది. నేను కొట్టను."

"అసలుకే కొట్టరా?"

"అసలు కొట్టను" అన్నాను, బడాయిగానే.

 ఎండ మొహాన పడుతోందని, దుమ్ము లేస్తోందని మల్లవ్వ చెల్లెలి కొంగే ఆమె మొహం మీద కప్పింది. నొప్పిమాత్ర పనిచేసి నర్సవ్వ నిద్రపోయింది.

రుద్రంగి దగ్గర రోడ్డుకు అడ్డంగా ఎడ్లబండ్లు నిలిపారు. ముందు రాళ్లు, వాటి ముందు జనం. ఒకపక్క పొయ్యిలు పెట్టి రోడ్డు మీదే వంటలు చేస్తున్నారు, వంటావార్పు అంటారట. నినాదాలు దూరం నుంచే వినబడుతున్నాయి. బండిని ఇంకా మెల్లగా పోనిచ్చాను. ఎంతైనా నాది ఏలూరు ప్లేటు.

మా కారు దగ్గరవుతున్నకొద్దీ నినాదాలు తగ్గిపోయాయి. తర్వాత పూర్తిగా ఆగిపోయాయి. కూర్చున్నవాళ్లు లేచి నిలబడ్డారు. ఒక ముసలాయన తల రుమాలు విప్పి చేతిలో పట్టుకున్నాడు. ఎవరూ మాట్లాడకుండా రాళ్లు పక్కకు దొర్లించారు, ఎడ్లబండి జరిపారు. ఒకాయన కిటికీ దగ్గరికి వచ్చి మల్లవ్వను అడిగాడు.

"ఏ ఊరికమ్మా?"

"సిరిసిల్లకు. మా చెల్లె, నర్సవ్వ" అంది మల్లవ్వ ఏడుస్తూనే.

"ఎట్లయింది?"

"మెట్ల మీదికెల్లి వడ్డది."

"అయ్యో." ఆయన కారు తలుపును ఒకసారి చేత్తో తాకాడు. "పొండ్రి. ముందటోళ్లకు ఫోన్ జేసి జెప్త, ఎక్కడ ఆపరు."

ఆయన చెప్పినట్టే ఎక్కడా ఆపలేదు. పొలాల్లో పనిచేసేవాళ్లు నడుం ఎత్తి నిలబడ్డారు. మోటారు సైకిలు మీద వచ్చే ఒకతను బండి పక్కకు తీసి దిగి, మేము వెళ్లేదాకా ఆగాడు. రోగి ఉన్న బండికి ఇంత మర్యాద మా జిల్లాలో ఏనాడూ చూడలేదు. ఇంటికి వెళ్లాక మావాళ్లకు ఇదే ముందు చెప్పాలనుకున్నాను. నా కళ్లు చెమర్చాయి కూడా.

వేములవాడ

నిలబడడానికి చోటుండని ఊరని విన్న వేములవాడలో ఆ రోజు బస్టాండు ఖాళీగా ఉంది. లాడ్జీల ముందు కుర్చీలు వేసుకుని యజమానులే కూర్చున్నారు. ఇక్కడ మొక్కు తీర్చుకోవడమంటే కోడెను పట్టుకుని గుడి చుట్టూ తిప్పి కట్టెయ్యడం. మా వైపు తలనీలాలు, నిలువుదోపిడీ తెలుసు గానీ ఇది తెలియదు. నడిచొచ్చిన ఒక కుటుంబం మాత్రం కోడెను పట్టుకుని గుడి వైపు వెళ్తోంది. కోడె కూడా అలసిపోయినట్టే నడుస్తోంది.

నేను గుడిలోకి వెళ్లలేదు. నీడ చూసి కారు ఆపాను, నర్సవ్వకు నీళ్లు పట్టాలని. పూలమ్మే ముసలమ్మ ఒకామె నెత్తి మీది బుట్ట చేతిలోకి దింపుకుని మా కారు దగ్గరికి వచ్చింది. ఒక బంతిపూల దండ తీసి బానెట్ మీద పరిచింది. డబ్బులివ్వబోతే తల అడ్డంగా ఊపి, మల్లవ్వ వైపు వంగింది.

"ఎట్ల వోయింది బిడ్డా? ముసలిదేం గాదట గదా."

మల్లవ్వకు అర్థం కాలేదు. నాకూ కాలేదు. కొంగు కింద నుంచి మాట వచ్చింది.

"నేనింక పోలేదవ్వా."

ముసలమ్మ చేతిలో బుట్ట కిందపడింది. పూలన్నీ రోడ్డు మీదకు దొర్లాయి. నర్సవ్వ తనే కొంగు తొలగించుకుని ఆమెను చూసింది. ముసలమ్మ రెండు చేతులూ నోటికి అడ్డం పెట్టుకుంది.

"అయ్యో నా రాజన్నా! రుద్రంగికెల్లి ఫోనచ్చింది బిడ్డా. సిరిసిల్లామె శవం అత్తున్నది, నర్సవ్వట, తోవ ఇడువుండ్రి అని."

"సిరిసిల్లకు సుత చెప్పిండ్రా?" అని అడిగింది నర్సవ్వ.

"చెప్పకుంటెట్ల? ఇంట్లోళ్లకు తెల్వాలె గదా."

నేను కారు చుట్టూ తిరిగి, బయటివాళ్ల కళ్లతో ఒకసారి చూశాను. ఏరియలుకు తెల్లగుడ్డ. మెడదాకా తెల్లదుప్పటి. మొహం మీద కొంగు. తల దగ్గర ఏడుస్తున్న అక్క. పట్టపగలు వెలుగుతున్న లైట్లు. నత్తనడకన, హారన్ కొట్టకుండా పోయే బండి. ఆ రోజుల్లో ఆ రోడ్ల మీద అలా పోయే బండ్లను వాళ్లు చాలా చూశారు. చౌరస్తాలో ఫోటోల్లో ఉన్న పిల్లలు అలాగే ఇళ్లకు వెళ్లారు. ఒక్కొక్కటీ రోగి క్షేమం కోసమని మేము చేసినదే, అన్నీ కలిపి ఆమెను శవాన్ని చేశాయి.

మల్లవ్వ సిరిసిల్లలో రజిత పక్కింటివాళ్ల నంబరుకు ఫోన్ చేసింది. మోగుతోంది, ఎవరూ ఎత్తడం లేదు. మళ్లీ చేసింది. "నిన్న సుత 'రేపు తెస్తున్నం' అన్న గంతే, మంచిగున్నదని చెప్పకపోతి" అని తల కొట్టుకుంది. "పోరి ఏమైపోతదో! మేడమ్, జర తొందరగ పోనియ్యుండ్రి, మీ కాళ్లు మొక్కుత."

నాకూ కాలు ఊరుకోవడం లేదు. నా బతుకులో యాక్సిలరేటరు మీద అంత కోరిక ఎప్పుడూ పుట్టలేదు. జవాబు నర్సవ్వే చెప్పింది.

"నిమ్మలంగనే పొండ్రి. తొందరవడి నేను నిజంగనే సస్తే దానికి మళ్ల ఎవలు జెప్పాలె?"

పైకప్పు కేసి చూస్తూ మిగతాది చెప్పింది. ఆమె మొగుడు దుబాయి పోయాడు. మూడేళ్లకు పెట్టెలో వచ్చాడు. పెట్టె తెచ్చిన వ్యాను వాళ్ల గల్లీలోకి లైట్లు వేసుకుని, చప్పుడు లేకుండా, మెల్లగా వచ్చింది. రజిత అప్పుడు చిన్నపిల్ల, వాకిట్లో ఆడుకుంటోంది. నాన్న వచ్చిండని ఎవరో అంటే వ్యాను వెనక పరిగెత్తింది.

"నేను గట్ల పండుకోని ఇంటికి పోను మేడమ్. నన్ను కూసోబెట్టుండ్రి. నా బిడ్డ దూరంకెల్లే నా మొఖం చూడాలె."

విజయకు ఫోన్ చేశాను.  ఆమె డాక్టరుగారిని అడిగి చెప్పింది. పట్టీ బిగించి కూర్చోబెట్టవచ్చు, కానీ సిరిసిల్ల దగ్గరికి వెళ్లాకే, ఆ కాస్త దూరమే.

ముసలమ్మ తన దండ తీసుకోబోయింది, శవానికని వేసిన పూలు ఉంచకూడదని. నర్సవ్వ వద్దంది. "ఉండనియ్యవ్వా. బండికి ఏసినవ్, నాకా?"

ముసలమ్మ అప్పుడు నవ్వింది. నవ్వుతూనే ఏడ్చింది.

సిరిసిల్ల

వేములవాడ నుంచి సిరిసిల్ల ఎంతో దూరం లేదు. నాకు మాత్రం ఏలూరు నుంచి జగిత్యాల అంత అనిపించింది. మల్లవ్వ దారంతా ఫోన్ చేస్తూనే ఉంది. అదీ మోగుతూనే ఉంది.

ఊరి మొదట్లో ఆగాం. ముందు తెల్లగుడ్డ విప్పాను. లైట్లు ఆర్పాను. తెల్లదుప్పటి తీసి మడిచాను. సీటును ఒక్కసారిగా లేపకుండా, మీట పట్టుకుని ఒక్కొక్క పన్ను చొప్పున పైకి జరుపుతూ, ప్రతిసారీ ఆమె మొహం చూస్తూ లేపాం. నడుము ఒంపులో పలచటి దుప్పటిని చుట్టలా చుట్టి పెట్టాను. పాదాలు గాల్లో వేలాడకుండా బట్టల సంచి కింద పెట్టాను. సీటు బెల్టు పట్టీ మీద కాకుండా తుంటి మీదుగా సర్దాను. నర్సవ్వ పెదవి కొరుక్కుంది, నుదురంతా చెమట పట్టింది. మల్లవ్వ ఆమె జుట్టు దువ్వి ముడి వేసింది, మొహం తుడిచింది.

మొదటిసారి ముందు అద్దంలోంచి రోడ్డు కనబడగానే నర్సవ్వ, "గింత వెడల్పు ఉన్నదా తోవ!" అంది.

సిరిసిల్లలో నేతవాళ్ల గల్లీల్లోకి వెళ్తే మాట వినబడదని విజయ ముందే చెప్పింది. మరమగ్గాలను వాళ్లు సాంచెలంటారు. ఇంటింటికీ సాంచెలే, పొద్దస్తమానం వాటి చప్పుడే. మొదటి రెండు వీధుల్లో నిజంగానే ఆ చప్పుడు చెవుల్లో దూరింది. సమ్మెలో కూడా కడుపు కోసం నడిపేవాళ్లు నడుపుతున్నారు. నర్సవ్వ వాళ్ల గల్లీ మలుపు దగ్గరికి వచ్చేసరికి ఒక్కసారిగా నిశ్శబ్దం.

నర్సవ్వ చెయ్యి నా మోచేతిని పట్టుకుంది.

"సాంచెలు బందువెట్టిండ్రు" అంది. "గల్లీల ఎవలన్న పోతెనే బందువెడ్తరు."

ఆమె కోసం ఆపిన సాంచెలవి. ఆమె ఆ నిశ్శబ్దాన్ని కూర్చుని వింటోంది. 

"మేడమ్" అంది గొంతు సవరించుకుని, "మీరు కొట్టరని నాకెర్కే. గీ ఒక్కపారి కొట్టుండ్రి. ఇంటిదాక ఇడువకుండ కొట్టుకుంట పొండ్రి. శవం తెచ్చే బండి హారన్ కొట్టది."

కొట్టాను. మొదటి గేరులో, నడక కంటే మెల్లగా పోతూ, అరచెయ్యి ఎత్తకుండా కొట్టాను. ఇన్నేళ్లలో ఎంతమందిని తిట్టానో ఆ తిట్లన్నిటికీ సరిపడేంత కొట్టాను. అరుగుల మీద తలలు వంచుకుని కూర్చున్న మగవాళ్లు ఉలిక్కిపడి లేచారు. ఒకాయన కోపంగా కారుకు అడ్డం రాబోయి, ముందు సీట్లో ఉన్న మనిషిని చూసి, గోడకు ఆనుకుని నిలబడిపోయాడు. ఎవరో "నర్సవ్వ! నర్సవ్వ కూసున్నది!" అని అరిచారు.

ఆ ఇంటి ముందు మూడు రాళ్ల మీద పెద్ద కాగు పెట్టి, కింద మంట వేశారు. స్నానం చేయించడానికి నీళ్లు కాగుతున్నాయి. దాని పక్కన, చుట్టూ ఆడవాళ్ల మధ్య, పద్దెనిమిదేళ్ల పిల్ల మోకాళ్ల మీద తల పెట్టుకుని కూర్చుని ఉంది. హారన్‌కు కూడా తల ఎత్తలేదు.

కారు ఆపాను. చెయ్యి తీశాను. నర్సవ్వ కిటికీలోంచి పిలిచింది.

"రజితా."

పిల్ల తల ఎత్తింది. లేవలేదు, ఏడవలేదు, చూస్తూ ఉండిపోయింది. నర్సవ్వ మళ్లీ అంది, ఈసారి కసురుకున్నట్టు, "ఏందే గట్ల చూస్తవ్? నేనే. వచ్చి తలుపు తియ్యి, నాకు తియ్యరాదు."

రజిత లేచింది. కారు వైపు రాలేదు. ముందు ఆ కాగు దగ్గరికి వెళ్లి, రెండు చేతులతో ఒక్క తోపు తోసింది. నీళ్లన్నీ మంట మీద పడి బుస్సుమని పొగ లేచింది, వాకిలంతా తడిసింది. ఆ తడిలో నుంచే నడిచి వచ్చి తలుపు తీసి, తల్లిని ఎక్కడ పట్టుకుంటే నొప్పి పుట్టదో తెలియక, పాదాలు పట్టుకుంది.

"గింత నిమ్మలంగ ఎందుకచ్చినవే?" అని అడిగింది. "గింత నిమ్మలంగ ఎందుకచ్చినవ్?"

ఆ ప్రశ్నకు నేను జవాబు చెప్పాలి.  నర్సవ్వే కూతురి తల మీద చెయ్యి వేసి, "బతికి రావాలని" అంది.

మగవాళ్లు నలుగురు మంచం పట్టుకొచ్చారు. నేను పక్కన నిలబడి, నడుము వంచకండి, దుప్పటితో సహా ఎత్తండి అని నా అలవాటు ప్రకారం అందరినీ తిట్టాను. వాళ్లు నేను చెప్పినట్టే చేశారు. నర్సవ్వను లోపలికి తీసుకెళ్లారు.

ఎదురింట్లోంచి టక్‌మని ఒక శబ్దం వచ్చింది. ఎవరో సాంచె స్విచ్చి వేశారు. ఆ పక్కింట్లో ఇంకొకటి అందుకుంది. తర్వాత లెక్క తెలియలేదు. గల్లీ మొత్తం మోత మోగిపోయింది. నేను బంతిపూల దండ ఉన్న బానెట్‌కు ఆనుకుని ఆ చప్పుడు వింటూ నిలబడ్డాను. అరచేతుల కింద ఏదో అదురుతున్నట్టు తెలుస్తూనే ఉంది, అదీ సాంచెల అదురే అనుకున్నాను. కారు ఇంజను ఆపలేదన్న సంగతి నాకు చాలాసేపటిదాకా గుర్తు రాలేదు.